రెజీమ్ బటన్ యాడికి పోయింది సామీ: మా ట్యాక్స్ ఆఫీసులో ఒక సీజన్ కేస్ స్టడీ

2025 సెప్టెంబరు 6, శనివారం. పొద్దున పది కాకముందే ఒక లెక్చరర్ సారు మెట్లెక్కి వచ్చారు. పన్నెండేళ్లుగా మా దగ్గరే రిటర్ను వేయిస్తున్నారు. కుర్చీలో కూడా కూర్చోకుండా ఫోనులో చలాన్ తెరిచి నా ముందు పెట్టారు. "ఏమయ్యా, నాకు ప్రతేడూ పైసా కట్టే పని ఉండదు కదా. ఈసారి పదైదు వేలు కట్టాలని చెప్పింది మీ ఆఫీసు పాప. కట్టేసినా. ఎందుకు కట్టినానో మాత్రం నువ్వు చెప్పు."

ఆయన ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపిస్తూ కాలేజీ ఇచ్చే కాగితం), మేం వేసిన రిటర్ను పక్కపక్కన పెట్టాను. విషయం అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. ఆదాయపు పన్ను లెక్క వేసే పద్ధతులు రెండు, వాటినే రెజీమ్‌లు అంటాం: పాతదాంట్లో పొదుపు, ఇంటి లోను వడ్డీ లాంటి మినహాయింపులుంటాయి, కొత్తదాంట్లో రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు ఉండవు. కాలేజీ ఆయనకు పాత రెజీమ్‌లో టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను) కోసింది. మేమేమో కొత్త రెజీమ్‌లో రిటర్ను వేశాం. కావాలని ఎంచుకుని వేసింది కాదు, స్క్రీన్ మీద అలా ఉంది కాబట్టి అలాగే పోయింది.

ఇది మాలాగా జనానికి ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేసిపెట్టే పని చేసేవాళ్ల కోసం రాస్తున్నాను. క్లయింట్ల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. మేం రిటర్నులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. ఏ కంపెనీది వాడినా ఏదో ఒక ఏడు ఈ పరిస్థితి వచ్చేదే.

మా ఆఫీసు తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో, ఒక జిరాక్స్ షాపు పైన. నాతో కలిపి నలుగురం. దేవస్థానం ఉద్యోగులు, పెన్షనర్లు, లెక్చరర్లు, కొండకు టాక్సీలు తిప్పేవాళ్లు, చిన్న లాడ్జీల వాళ్లు, శ్రీసిటీలో ఉద్యోగాలు చేసే పిల్లలు మా క్లయింట్లు. ఆఫీసులో పెద్దాయన ఒకరున్నారు, అందరం పెద్దన్న అంటాం. 58 ఏళ్లు. కాగితం మీద సరళ్ ఫారం నింపి ఇన్‌కం ట్యాక్స్ ఆఫీసు కౌంటర్లో ఇచ్చి సీలు వేయించుకొచ్చిన కాలం మనిషి. తర్వాత చంద్రగిరి నుంచి వచ్చే పాప, బీకాం అయి రెండేళ్లు. మూడో మనిషి కాణిపాకం దగ్గర ఊరి కుర్రాడు. వినాయక చవితికి కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు మొదలైతే 21 రోజులు వాడి మనసు మా దగ్గర ఉండదు. ఈసారి చవితి ఆగస్టు 27న వచ్చింది, అంటే సరిగ్గా సీజన్ నడుమ.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జులై 19 శనివారం రాత్రి వేశాను. వేసింది నేనే, కాబట్టి మొదటి తప్పు నాది. సీజన్ మధ్యలో వేయకుండా ఆగే వీలు మాత్రం లేదు. ఆ ఏడాది ఫారాలే మారాయి. 2024 జులై 23 నుంచి క్యాపిటల్ గెయిన్స్ (షేర్లు, ఆస్తులు అమ్మితే వచ్చే లాభం) మీద పన్ను రేట్లు మారడంతో ఐటీఆర్-2 అనే రిటర్ను ఫారంలో ఆ తేదీకి ముందు, తర్వాత అని లాభాన్ని విడదీసి చూపాలి. పాత రెజీమ్‌లో మినహాయింపులు అడిగేవాళ్ల దగ్గర పాలసీ నంబర్లు, హోమ్ లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు, లోను ఖాతా నంబరు, ఇంకా ఎంత బాకీ ఉంది, ఇవన్నీ అడుగుతున్నారు. గడువును జులై 31 నుంచి సెప్టెంబరు 15కు జరపడానికి ఫారాల్లో వచ్చిన ఈ మార్పులే కారణమని మే నెలలో డిపార్ట్‌మెంటే చెప్పింది. ఐటీఆర్-2, 3 నింపడానికి డిపార్ట్‌మెంట్ ఇచ్చే యుటిలిటీలు (సాఫ్ట్‌వేర్లు) జులై రెండో వారానికి గానీ రాలేదు. అడిగే గడులు అన్ని పెరిగినప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒకే పేజీలో ఎన్నని పెడతారు? సొరుగులు చేసి సర్దారు. అందులో న్యాయం ఉంది.

పాత లేఅవుట్ ఎలా ఉండేదో చెప్పాలి. ఒకే పొడుగు పేజీ. జీతం, ఇల్లు, ఇతర ఆదాయం, మినహాయింపులు, టీడీఎస్, అన్నీ పైనుంచి కిందికి వరసగా. చూడ్డానికి కిరాణా కొట్టు చిట్టాలా ఉండేది, అందం సున్నా. కానీ అన్నిటికన్నా పైన రెజీమ్ గడి, అన్నిటికన్నా కింద పసుపు పట్టీ. ఆ పట్టీలో పాత రెజీమ్‌లో పన్ను ఇంత, కొత్త రెజీమ్‌లో ఇంత అని రెండంకెలూ ఎప్పుడూ కనబడుతుండేవి.

కొత్తదాంట్లో తెల్లటి ఖాళీ ఎక్కువ. ఎడమ పక్క బొమ్మల మెనూ, మధ్యలో కార్డులు. రెజీమ్ గడి ప్రొఫైల్ లోపలికి, 'ఫైలింగ్ సెట్టింగ్స్' అనే సొరుగులోకి వెళ్లింది. రెండు రెజీమ్‌ల పోలికకు ఇంకో క్లిక్. అన్నిటికన్నా పెద్ద మార్పు మాకు మొదట కనబడలేదు. కొత్త రెజీమ్ ఉంటే 80సి (పొదుపు), 80డి (ఆరోగ్య బీమా), హోమ్ లోన్ వడ్డీ కార్డులు అసలు తెర మీదికే రావు. అక్కర్లేనివి చూపించి కంగారు పెట్టడమెందుకని వాళ్ల ఉద్దేశం. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ (అంటే 2023-24 ఆదాయం) నుంచి చట్టంలోనే కొత్త రెజీమ్ డిఫాల్ట్ అయింది కాబట్టి సాఫ్ట్‌వేర్ కూడా దాన్నే ముందు పెట్టుకుంది.

జులై 21 సోమవారం ఆఫీసులో జరిగింది రాస్తాను. పెద్దన్న సిస్టం తెరిచి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రెజీమ్ బటన్ యాడికి పోయింది సామీ?" అన్నాడు. చూపించాం. "ఇల్లు నాదే, గూట్లో పెట్టిన తాళం చెవి మాత్రం ఎవరో తీసి ఇంకో గూట్లో పెట్టినట్టుండాది" అని గొణుక్కుంటూ పనిలో పడ్డాడు. రోజుకు పాతిక రిటర్నులు కొట్టే మనిషి ఆ రోజు తొమ్మిదితో ఆగిపోయాడు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ నా టేబుల్ దగ్గర ఆగి, పాత వెర్షన్ మళ్లీ ఎక్కించమని అడిగాడు. మనిషి అలా అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఒక రకంగా బతిమాలినట్టే.

పాపకు మాత్రం మొదటి రోజే నచ్చింది. "ఇదే బాగుంది సార్, ఫోన్ యాప్ మాదిరి ఉంది" అంది. కుర్రాడు ఏమీ అనలేదు. వాడికి ఏ సాఫ్ట్‌వేరైనా ఒకటే.

తోటి ప్రాక్టీషనర్లకు ఫోన్లు చేశాను. ఒకాయన పాత వెర్షన్ మళ్లీ వేసుకున్నాడు. ఫైలు తయారైంది, డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్, అదే పోర్టల్, తీసుకోలేదు. డిపార్ట్‌మెంట్ ఆ ఏడాది ఇచ్చిన అమరికలో జేసాన్ ఫైలు లేకపోతే అప్‌లోడ్ కాదు కదా. చిత్తూరులో ఇంకొకాయన ఈ గోలంతా వద్దని సాదా జీతం రిటర్నులను నేరుగా పోర్టల్లోనే వేయడం మొదలుపెట్టాడు. శ్రీకాళహస్తి మిత్రుడొకడు కొత్తది అద్భుతమన్నాడు. ఆయన క్లయింట్లలో ఎక్కువమంది 44ఏడీ వాళ్లు (అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపే చిన్న వ్యాపారులు), నాలుగు అంకెలతో పని అయిపోతుంది. ఎవరి ఫైళ్లు ఎలాంటివో వాళ్ల అభిప్రాయమూ అలాంటిదే అని నాకప్పుడే అనిపించింది. అప్పుడు దాన్ని పట్టించుకుని ఉండాల్సింది.

నేను మాత్రం 2021ని గుర్తు చేసుకుని ధైర్యంగా ఉన్నాను. ఆ ఏడు జూన్ 7న కొత్త ఇ-ఫైలింగ్ పోర్టల్ వచ్చి, లాగిన్లు కాక, ఓటీపీలు రాక, చివరికి మామూలు రిటర్నుల గడువు డిసెంబరు 31 దాకా పోయిన సంగతి ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. దాన్నే దాటొచ్చాం, ఇదేముంది, రెండు వారాల్లో చేతులు అలవాటు పడతాయి అనుకున్నాను. ఈ పోలికే నన్ను తప్పుదారి పట్టించింది. పోర్టల్ పని చేయకపోతే పని ఆగిపోతుంది, అందరికీ తెలిసిపోతుంది. ఇక్కడ పని ఆగలేదు. రిటర్నులు చకచకా పోతూనే ఉన్నాయి.

ఇప్పుడు లెక్చరర్ సారు లెక్క. స్థూల జీతం 16,00,000. పాత రెజీమ్‌లో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ వచ్చే తగ్గింపు) 50,000, ప్రొఫెషన్ ట్యాక్స్ 2,400, హోమ్ లోన్ వడ్డీ 2,00,000, 80సి 1,50,000, ఎన్‌పీఎస్ పెన్షన్ పథకంలో సొంతంగా కట్టింది 50,000, తనకూ 70 దాటిన తల్లిదండ్రులకూ కలిపి ఆరోగ్య బీమా 75,000. ఇవన్నీ పోతే మిగిలేది 10,72,600. సెస్సుతో కలిపి పన్ను 1,39,650. కాలేజీ కోసిన టీడీఎస్ కూడా అంతే. కొత్త రెజీమ్‌లో ఆయనకు దొరికేది స్టాండర్డ్ డిడక్షన్ 75,000 ఒక్కటే. 15,25,000 మీద పన్ను 1,53,400. తేడా 13,750. దానికి ముందస్తుగా పన్ను కట్టనందుకు పడే 234బి, 234సి వడ్డీలు కలిసి 15 వేలు దాటింది. ఆగస్టు 20న పాప ఫోన్ చేసి చెప్పింది, ఆయన కట్టేశారు.

పాపను తిట్టడానికి నోరు రాలేదు. ఏం చేశావని అడిగితే వివరంగా చెప్పింది. ఫారం 16లో జీతం అంకె సరిపోయింది, టీడీఎస్ సరిపోయింది, ఏఐఎస్‌లో (డిపార్ట్‌మెంట్ దగ్గరుండే మన ఆదాయాల జాబితా) బ్యాంకు వడ్డీ సరిపోయింది. స్క్రీన్ అడిగినవన్నీ నింపింది. 80సి గురించి ఎందుకు చూడలేదంటే, "అది అడగలేదు సార్" అంది. నిజమే. గడి కళ్ల ముందుంటే ఖాళీగా ఉందన్న అనుమానమైనా వస్తుంది. అసలు గడే లేనప్పుడు ఖాళీ ఎక్కడ కనబడుతుంది? పాత పేజీలో అయితే కింద పసుపు పట్టీలో రెండంకెలూ చూసి ఆ పిల్లే ఆగేది. పోయినేడు అలా ఆగింది కూడా.

సారు ఊరుకోలేదు. "నువ్వు చూస్తావనే కదయ్యా నీ దగ్గరికొచ్చేది" అన్నారు. జవాబు లేదు.

అదృష్టం ఏమిటంటే గడువుకు ఇంకా తొమ్మిది రోజులుంది. వ్యాపార ఆదాయం లేనివాళ్లు పాత రెజీమ్ కావాలంటే గడువులోపు వేసే రిటర్నులోనే ఎంచుకోవాలి, బిలేటెడ్ (గడువు దాటి వేసే) రిటర్నులో ఆ వీలు లేదు. గడువు దాటాక రివైజ్ చేస్తూ రెజీమ్ మార్చొచ్చా అనే వాదనలోకి నా క్లయింటును దింపే ఉద్దేశం నాకు లేదు. ఆ పూటే 139(5) సెక్షన్ కింద రివైజ్డ్ (సరిదిద్దిన) రిటర్ను వేసి, ఆయన ఫోనుకు వచ్చిన ఆధార్ ఓటీపీతో అక్కడే ఇ-వెరిఫై చేయించాను. కట్టిన డబ్బు రీఫండ్‌గా వస్తుందని చెప్పి, మా ఫీజు వెనక్కి ఇచ్చాను. ఫీజు తీసుకున్నారు, కాఫీ వద్దన్నారు.

ఆయన మెట్లు దిగాక షట్టరు సగం దించి, జులై 21 తర్వాత వేసిన రిటర్నులన్నీ బయటికి తీశాం. శని, ఆదివారాలు అదే పని. ప్రతి రిటర్నుకూ ఫారం 16 లేదా లెక్కల కాగితం ఎదురుగా పెట్టి చివరి అంకె చూడడం. రెజీమ్ తప్పు ఇంకో ఇద్దరికి పడింది, ఇద్దరూ ఉద్యోగులే. ఒకరికి రీఫండ్ తగ్గింది, ఒకరికి పెద్ద తేడా లేదు. మూడూ పాప, కుర్రాడు వేసినవే.

రెండో రకం తప్పు నేను ఊహించనిది. ఒక రిటైర్డ్ ఉద్యోగి 2024 సెప్టెంబరులో షేర్ ఫండ్ అమ్మితే 80,000 స్వల్పకాల లాభం వచ్చింది. జులై 23 తర్వాతది కాబట్టి 20 శాతం పడాలి. మేం వేసింది 15 శాతం గడిలో. 4,000 పన్ను, దాని మీద సెస్సు తక్కువ చూపించాం. కారణం వెతికితే మానిటర్! మా రెండు సిస్టమ్‌లకు పాత 1366 బై 768 స్క్రీన్లు. కొత్త లేఅవుట్‌లో 'జులై 23కు ముందు' కాలమ్ తెర మీద ఉంది, 'తర్వాత' కాలమ్ కుడి అంచు దాటి బయట ఉంది. కింద సన్నటి స్క్రోల్ పట్టీ జరిపితే గానీ కనబడదు. ఆ సాఫ్ట్‌వేర్ గీసినవాళ్ల టేబుల్ మీద పెద్ద మానిటర్లు ఉండి ఉంటాయి. ఇలాంటివి మూడు దొరికాయి, మూడూ ఆ రెండు సిస్టమ్‌ల మీద వేసినవే.

మూడో రకం పెద్దన్నది. ఆయన వేసినవాటిలో రెజీమ్ తప్పు ఒక్కటీ లేదు. కొత్త స్క్రీన్ మీద నమ్మకం లేక ప్రతి రిటర్నుకూ తెల్ల కాగితం మీద పెన్నుతో లెక్క వేసుకుని మరీ సరిచూశాడు. రోజుకు తొమ్మిది ఎందుకయ్యాయో అప్పుడు తెలిసింది. నేనేమో మనిషి నెమ్మదించాడనుకున్నాను. అయితే ఇద్దరు పెన్షనర్ల రిటర్నుల్లో డిపాజిట్ వడ్డీ పోయినేటిది వచ్చింది. పాత వెర్షన్‌లో ఎఫ్7 నొక్కితే సేవ్ అయి తర్వాతి పేజీకి పోయేది. కొత్తదాంట్లో ఎఫ్7 అంటే పోయినేటి అంకెలు తెచ్చి నింపడం. పదేళ్లుగా పేజీ అయిపోగానే ఆ వేలు దానంతటదే ఎఫ్7 మీదికి పోతుంది. సరిగ్గా నింపిన అంకె మీద పాత అంకె వచ్చి కూర్చుంది. "నేను నొక్కలేదు సామీ" అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకు తెలియకుండానే నొక్కాడు.

రెండు రోజులు ఇది చూశాక నాకు అర్థమైంది ఒకటుంది. మేం సరిచూడడం అని వేరే పనేదీ చేయడం లేదు. ఆ పాత పేజీ మీద పైనుంచి కిందికి కళ్లు జారడమే మా చెకింగ్. రెజీమ్ గడి చూడాలి అని ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అది దారిలో ఉండేది కాబట్టి చూసేవాళ్లం. దారి మారింది, చెకింగ్ మాయమైంది, మాకు తెలియలేదు. కొత్త లేఅవుట్ నేర్చుకోవడమంటే ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకోవడమే అనుకున్నాం. పాత లేఅవుట్ మా చేత ఏమేం చేయించేదో ముందు కాగితం మీద రాసుకుని ఉండాల్సింది.

పెద్దన్న సణుగుడు విన్నప్పుడు వయసు అనుకోవడం నేను చేసిన రెండో తప్పు. "బటన్ యాడ" అని ఆయన మూడుసార్లు అడిగింది ఆ ఒక్క బటన్ గురించే. ఆఫీసులో దాని విలువ తెలిసిన మనిషి ఆయనొక్కడే.

లేఅవుట్ అంటే పైపై రంగులే కదా అనేవాళ్లకు ఒక సంగతి. 2024 జులై 5న డిపార్ట్‌మెంట్ యుటిలిటీ మారి, కొత్త రెజీమ్‌లో స్వల్పకాల షేర్ లాభం లాంటి స్పెషల్ రేటు ఆదాయం మీద 87ఏ రిబేటు (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే పన్ను తగ్గింపు) అడగడానికి వీల్లేకుండా పోయింది. చట్టం అదే, గడి మూసుకుంది. విషయం బాంబే హైకోర్టు దాకా వెళ్లింది. కోర్టు చెప్పాక ఆ ఏటి బిలేటెడ్, రివైజ్డ్ రిటర్నుల గడువు 2025 జనవరి 15కు జరిగింది. అప్పుడు మేమంతా గడి గురించి గట్టిగా మాట్లాడినవాళ్లమే.

సోమవారం నుంచి పని తీరు మార్చాం. ఒక ఏ4 కాగితం మీద ఆరు ప్రశ్నలు, పెద్దన్న చేతిరాతతో. యజమాని ఏ రెజీమ్‌లో టీడీఎస్ కోశాడు, మనం ఏ రెజీమ్‌లో వేస్తున్నాం, ఫారం 16లో పన్ను వేసిన ఆదాయం, మన దాంట్లో ఆదాయం, అమ్మకం ఉంటే తేదీ, వడ్డీ అంకె ఏ ఏటిది. జిరాక్స్ షాపు కిందే కాబట్టి కాపీలకు కొదవ లేదు. ఆ కాగితం నింపనిదే అప్‌లోడ్ లేదు. ఒకరు వేసింది ఇంకొకరు చూడాలి, అంకె పైకి చదవాలి. మొదట్లో పిల్లలకు నవ్వొచ్చింది, స్కూల్లో ఎక్కాలు చెప్పినట్టుందని. రెండు పాత మానిటర్లు తీసేసి కొత్తవి కొన్నాం. ఎఫ్7 మీద పెద్దన్నే బ్యాండ్-ఎయిడ్ అంటించుకున్నాడు. వేలికి తగలగానే గుర్తొస్తుందట. ఇంతకన్నా మంచి ట్రైనింగ్ నేను ఏ కంపెనీ వీడియోలోనూ చూడలేదు.

రోజుకు మా నలుగురివీ కలిపి పది, పన్నెండు రిటర్నులు తగ్గాయి. 15 రాత్రి దాకా టెన్షన్. గడువు ఒక్కరోజు పొడిగించి 16 అన్నారని ఆ అర్ధరాత్రి దగ్గర తెలిసింది. అప్పటికి మాకు మిగిలింది నాలుగు ఫైళ్లే.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు స్క్రీన్ ఫొటోలతో మెయిల్ పెట్టాను. మీ డిజైన్ బాగాలేదని రాస్తే ఎవరూ చదవరు, అందుకని ఏ క్లయింటుకు ఏ గడి వల్ల ఎంత తేడా వచ్చిందో మాత్రమే రాశాను. తర్వాతి అప్‌డేట్‌లో రెజీమ్ పేరు మళ్లీ పైకి వచ్చింది, ఎర్ర అక్షరాల్లో. ఎఫ్7 నొక్కితే ఇప్పుడు 'పాత అంకెలు తేవాలా' అని అడుగుతోంది. పసుపు పట్టీ మాత్రం రాలేదు. కాలమ్ అంచు దాటడం గురించి, డిస్‌ప్లే సెట్టింగ్ మార్చుకోండని సలహా ఇచ్చారు.

పాప చేతిలో ఇప్పటికీ కొత్త లేఅవుట్ మీద పని వేగంగానే సాగుతుంది. ఐటీఆర్-4లో, అంటే 44ఏడీ వాళ్ల ఫారంలో, ఆ పిల్ల పెద్దన్న కన్నా రెట్టింపు చేస్తుంది. నిజం చెప్పాలంటే ఆ ఫారానికి కొత్త స్క్రీన్ నాక్కూడా నచ్చింది.

లెక్చరర్ సారుకు రీఫండ్ నవంబరు మొదటి వారంలో పడింది. మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపారు, కింద ఒక మాట కూడా లేదు. వచ్చే ఏడు వస్తారో రారో చూడాలి.

మొన్న పెద్దన్నకు కొత్త ఇన్‌కం ట్యాక్స్ చట్టం గురించి చెప్పాను. 2025 ఆగస్టు 21న రాష్ట్రపతి సంతకం అయింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట పోయి ట్యాక్స్ ఇయర్ వస్తుంది, 80సి కాస్తా సెక్షన్ 123 అవుతుంది, రెజీమ్ సెక్షన్ 115బీఏసీ పోయి 202 అవుతుంది. కొంతకాలం పాత ఏళ్లకు పాత చట్టం, కొత్త ఏళ్లకు కొత్త చట్టం, రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. ఆయన అంతా విని, సొరుగులోంచి ఆ ఏ4 కాగితం తీసి, కింద అంచున పెన్సిలుతో '80సి అంటే 123' అని రాసుకున్నాడు. "పెన్ను ఎందుకు వాడలేదన్నా?" అని పాప అడిగింది. "మళ్లా మారుస్తారు కదమ్మా" అన్నాడు.